కిటికీ గట్టు మీద సీసా

"ఉప్పు డబ్బా ఎక్కడ దాచావమ్మా?" ఆకాశం మూడోసారి అడిగాడు.

తల్లి కొడుకు కంచంలోకి చప్పిడి కూర ఇంకో గరిటె వడ్డించి, వడ్డించినందుకు తనే కళ్లు ఒత్తుకుంది.

"నిన్నే అడుగుతున్నా."

"దాచానో పారేశానో, నీకెందుకు నాన్నా? కిడ్నీలు పాడైనవాడికి ఉప్పు పడదని ఆ కాగితంలోనే రాశారుగా."

"ఆ కాగితంలో మూత్రంలో ప్రొటీను రెండు ప్లస్సులు, పని ఆపాలి, మళ్లీ పరీక్ష అని తప్ప ఇంకో ముక్క లేదు. నువ్వెప్పుడు చదివావసలు?"

"చదవడమెందుకు? నీ మొహం చూస్తే తెలియట్లేదూ!"

ఆకాశం కంచం ముందుకి తోశాడు. తోసినవాడు ఊరుకోక, పక్కనున్న గ్లాసుని కంచానికి కుడివైపు రెండు వేళ్ల దూరంలోకి జరిపాడు. ఎంత కోపంలో ఉన్నా, ఏ వస్తువు ఉండాల్సిన చోట అది లేకపోతే అతని చెయ్యి ఊరుకోదు. పంతొమ్మిదేళ్లుగా ఓడరేవులో అన్నిటికంటే ఎత్తైన క్రేన్ నడిపినవాడు. లారీ అంత ఇనప పెట్టెని ఓడలోంచి ఎత్తి, కింద లారీ మూలల్లోని నాలుగు మేకుల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం అతని పని. అందుకే రేవులో అందరూ అతన్ని ఆకాశం అంటారు.

ఆ కాగితం వచ్చిన మర్నాడే ఆకాశాన్ని కిందికి దింపి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకోమన్నారు. పది రోజులైంది. ఇవాళ పదకొండు గంటలకి రెండో పరీక్ష.

గది మూల కోడలి కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఆపావెందుకు? కుట్టుకో," అంది అత్తగారు అటు తిరక్కుండానే. "పెళ్లయి ఇరవై రెండేళ్లు. వీధిలో ఎవరి నడుమెంతో, ఎవరి మెడెంతో నీకు నోటికొచ్చు. కట్టుకున్నవాడు బీపీ మాత్ర మింగుతున్నాడో లేదో మాత్రం తెలియదు."

"దాన్నేమీ అనకమ్మా. తలనొప్పి వచ్చిన రోజు వేసుకుంటే చాలనుకున్నది నేను. ఎగ్గొట్టింది నేను. అది రోజూ చెబుతూనే ఉంది."

"ఇదుగో, ఇలా వెనకేసుకొచ్చే మొగుడు దొరికితే ఎవరైనా అంతే."

వీధి అంతా టైలరమ్మ అని పిలిచే ఆ ఇల్లాలు తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించడంలో పడింది. అత్తగారి తిట్లు ఆమెకి కొత్త కావు, వాటికి ఏడిచే వయసూ దాటిపోయింది. మొగుడు వెనకేసుకొచ్చాడే, అదే ముల్లులా దిగింది.

ఎందుకంటే ఆ రెండు ప్లస్సులు అతనివి కావు. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, ఆ మనిషి పళ్ల మధ్య అప్పుడు దారం ఉంది.

నలభై దాటిన క్రేన్ డ్రైవర్లు ఏటా పరీక్ష చేయించుకోవాలి. పొద్దున లేవగానే పట్టిన మూత్రం, వాళ్లిచ్చిన సీసాలో ఇంటినుంచి పట్టుకెళ్లాలి. ఆ రోజు ఆకాశం సీసా నింపి, బాత్రూం కిటికీ గట్టు మీద పెట్టి, గడ్డం గీసుకోవడానికి పెరటివైపు వెళ్లాడు. రెండు నెలల కిందట తెచ్చిన మాత్రల్లో సగం అట్టల్లోనే ఉండిపోవడం టైలరమ్మ ముందురోజే చూసింది. ఈ సీసా తప్పితే మనిషి క్రేన్ దిగిపోతాడు, క్రేన్ దిగిన మనిషితో ఇంట్లో వేగలేం అని భయం పట్టుకుంది. భయమేస్తే కొందరు చేతులు ముడుచుకుని కూర్చుంటారు, కొందరు ఏదో ఒక పని చేసేస్తారు. టైలరమ్మ రెండో రకం. సీసా ఒంపేసింది. వేణ్ణీళ్లతో కడిగి, తుడిచి, తనది పట్టింది. కొలత తప్పే మనిషి కాదు కాబట్టి సరిగ్గా గీత వరకే పట్టింది. తన సంగతేముంది, జ్వరం కూడా ఎరగని ఒళ్లు, తిరుగులేని సరుకు అనుకుంది.

ఆ తిరుగులేని సరుకే రెండు ప్లస్సులు తెచ్చింది.

ఇప్పుడు నిజం చెబితే రేవువాళ్లు మోసమంటారు. మొగుడికి ఏమీ తెలియదంటే ఎవరు నమ్ముతారు? చెప్పకుండా ఉంటే రెండో పరీక్ష వాళ్ల కళ్లెదురుగానే అవుతుంది, అందులో అతను నెగ్గితే మొదటిది ఎవరి పొరపాటో అని కొట్టుకుపోతుంది. నోరు కట్టేసుకుంటే చాలు. ఇంతవరకూ ఆమె ఆలోచన తిన్నగానే నడిచింది. మరి ఆ సీసాలో కనిపించిన జబ్బు ఎవరిది అన్నచోటికి వచ్చేసరికి మాత్రం, రోజూ ఏదో ఒక ప్యాంటు అంచు మడవాల్సిన పని గుర్తొచ్చేది.

"నేనూ వస్తాను," అంది లేచి.

"నువ్వెందుకు? ఇవాళ ఇవ్వాల్సిన బట్టలున్నాయన్నావుగా."

"రేపిస్తాను."

"నన్ను మోసుకెళ్లాలా ఏమిటి?"

"తీసుకెళ్లరా," అంది తల్లి లోపల్నుంచి. "డాక్టరు చెప్పేది నీ చెవిలోంచి ఇటొచ్చి అటు పోతుంది. అదైనా వింటుంది."

చెప్పులు వేసుకోబోతే బిగుతుగా తగిలాయి. సాయంకాలాలు బిగిసేవి, ఈ మధ్య పొద్దున్నే బిగుస్తున్నాయి. రోజంతా మిషను తొక్కితే పాదాలు వాచవా మరి, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. వెనక్కి తిరిగి చూస్తే, అత్తగారు దిండు కిందనుంచి చిన్న కాగితం పొట్లం తీసి, తన కంచంలో చిటికెడు చల్లుకుంటోంది. ఇంకో రోజైతే టైలరమ్మ ఫక్కుమనేది.

*

రేవు దాకా బస్సులో వెళ్లారు. దిగాక గేటునుంచి పరీక్షల గదికి చాలా నడవాలి. నడుస్తున్నంతసేపూ ఆకాశం తల పైకెత్తే ఉన్నాడు.

అతని క్రేన్ మీద వేరేవాడు ఉన్నాడు. తాళ్లకి వేలాడుతున్న ఇనప పెట్టె గాల్లో అటూ ఇటూ ఊగుతోంది.

"చూశావా ఆ ఊపు? గాలి ఇటునుంచి కొడుతోంటే వాడు అటు లాగుతున్నాడు. కాస్త ఆగరా నాయనా, ఆగు. హమ్మయ్య." అతని కుడిచెయ్యి లేని మీట పట్టుకుని మెల్లిగా కదిలింది. ఎవరైనా చూశారేమోనని చెయ్యి జేబులో దాచేసుకున్నాడు.

"ఇవాళ అంతా బాగుంటుంది," అంది ఆమె.

"నీకెలా తెలుసు?"

"పది రోజులుగా మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారుగా, అందుకని."

"పది రోజులకే తిరిగొచ్చేదైతే ఆరోగ్యం పోయేదే కాదే." అతను ఆగాడు. "చూడు, నాకేమైనా తేడా వస్తే అమ్మ మాటలు పట్టించుకోకు. ఆవిడ నోరు అంతే. బ్యాంకు కాగితాలు మంచం కింద రేకు పెట్టెలో ఎడమవైపు పెట్టాను. మిషను బెల్టు పాతబడింది, మార్పించు."

"ఇప్పుడెందుకవన్నీ?"

"భయం కాదు. నువ్వున్నావన్న ధైర్యంతోనే చెబుతున్నా. ఇంట్లో ఒక్కరైనా గట్టిగా ఉండాలి కదా. నువ్వు రాయిలా ఉన్నావు, చాలు."

మాట గొంతుదాకా వచ్చింది. ఏమండీ, ఆ సీసా నాది. నాలుగు మాటలు. బట్ట చింపినంత సులువు. ఆమె నోరు తెరిచింది కూడా. అప్పుడే పక్కనుంచి లారీ వెళుతూ, లోపల్నుంచి ఎవడో "ఏం ఆకాశం! నేల బాగుందా?" అని అరిచాడు. ఆకాశం నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమె నోరు మూసుకుంది. పదిహేను నిమిషాలు, అంతే కదా అనుకుంది.

పరీక్షల గది మేడమీద ఉంది. పద్దెనిమిది మెట్లు. పదో మెట్టు దగ్గర ఆమెకి ఊపిరి చాల్లేదు. గోడ పట్టుకుని, జుట్టు సర్దుకుంటున్నట్టు నటించింది. టైలరమ్మకి నటన రాదని ఎవరన్నారు?

*

నర్సమ్మ పొట్టి మనిషి. మాటలూ పొట్టివే.

"సీసా. ఆ తలుపు. గొళ్లెం పెట్టొద్దు."

ఆకాశం వెళ్లొచ్చాడు. సీసా తెచ్చి బల్లమీద, గీసిపెట్టిన చదరం మధ్యలో పెట్టాడు. నర్సమ్మ అతని చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది.

"నూట ముప్పై ఆరు, ఎనభై ఆరు. మాత్రలు?"

"రోజూ."

"ఎప్పట్నుంచి?"

"కాగితం వచ్చినప్పట్నుంచి," అన్నాడు తప్పు చేసినవాడిలా.

"భయపడితేగానీ మింగరు మీరు." సన్నటి పట్టీ ఒకటి తీసి సీసాలో ముంచింది. పట్టీ మీద చిన్న పసుపు చుక్క ఉంది. ప్రొటీను ఉంటే ఆ చుక్క ఆకుపచ్చకి తిరుగుతుంది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం అయింది. పసుపు పసుపుగానే ఉంది.

"లేదు," అంది నర్సమ్మ.

"లేదంటే?"

"లేదంటే లేదు. శుభ్రంగా ఉంది."

ఆకాశం కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. "విన్నావా? శుభ్రంగా ఉందట!" అని భార్య భుజం పట్టుకుని ఊపేశాడు. ఇరవై రెండేళ్లలో అతను నలుగురిలో ఆమె భుజం పట్టుకోవడం అదే మొదలు. ఆమె కూడా నవ్వింది. నిజంగానే నవ్వింది. గెలిచాననుకుంది.

నర్సమ్మ నవ్వలేదు. పాత కాగితం పక్కన కొత్తది పెట్టుకుని చూస్తోంది.

"సంబరం ఆపండి. ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. ఇలా వస్తే మూడు నెలలాగి ఇంకోటి చూడాలి. అప్పటిదాకా గేటే."

"మూడు నెలలా!"

"మొదటిది తప్పని తేలితే ఇవాళే పైకి పంపిస్తాం. పన్నెండింటికి డాక్టరుగారు వస్తారు, సంతకం చేస్తారు. కానీ తప్పు ఎలా జరిగిందో తెలియాలి. ఊరికే తప్పంటే కుదరదు."

ఆకాశం కూలబడ్డాడు. టైలరమ్మ కూడా కూర్చుంది. కూర్చోకపోతే పడిపోయేది. చెవుల్లో మిషను తిరుగుతున్నట్టు చప్పుడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. మెట్లెక్కాను కదా."

"మెట్లెక్కి పావుగంటయింది." నర్సమ్మ చూపు ఆమె కాళ్ల మీదికి దిగింది. చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. "చెయ్యి ఇటివ్వు."

"నాకెందుకండీ? పేషెంటు ఆయన."

"చెయ్యి."

పట్టీ బిగిసింది, వదులైంది. నర్సమ్మ ఏమీ అనకుండా ఇంకోసారి బిగించింది. అయిదు నిమిషాలాగి రెండో చేతికి కూడా చుట్టింది.

"నూట ఎనభై నాలుగు, నూట పది. ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"లేదండీ. నాకెప్పుడూ తలనొప్పయినా రాదు."

"అదే మీ అందరి పాట. బీపీ తలుపు కొట్టి రాదమ్మా. నొప్పి లేదని నువ్వు హాయిగా ఉంటావు, అది లోపల దాని పని అది చేసుకుపోతుంది." నర్సమ్మ ఇంత పొడుగు మాట్లాడటం రేవులో ఎవరూ విని ఉండరు. "కళ్లెలా ఉన్నాయి? సూదిలో దారం పడుతోందా?"

"వయసు కదండీ."

"వయసు కావచ్చు, కాకపోనూవచ్చు. కంటి వెనక రక్తనాళాలు చూపించుకోవాలి. గుండెకి ఈసీజీ తీయాలి. ముందు ఇది." ఖాళీ సీసా చేతిలో పెట్టింది. "నువ్వు మా ఉద్యోగివి కావు, నీ పేరు ఎక్కడా రాయను. వెళ్లు."

"ఇప్పుడా?"

"వెళ్లవే," అన్నాడు ఆకాశం. అతని గొంతులో తన మూడు నెలల దిగులు పక్కకి తప్పుకుంది. "నూట ఎనభై ఏమిటి? నీకా?"

*

ఆ చిన్న గదిలో కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది.

టైలరమ్మ సీసా పట్టుకుని నిలబడింది. ఇంట్లో మరుగుదొడ్డిలో నెలల తరబడి తన మూత్రంలో నురగ చూస్తూనే ఉంది. కడిగే సబ్బునీళ్ల వల్ల అనుకుంది. అలా అనుకోవడం తేలిక కాబట్టి అనుకుంది.

కుళాయి తిప్పి సగం నీళ్లు పడితే ఏమవుతుంది? రంగు మారదు. పట్టీ మీద పసుపు పసుపుగానే ఉంటుంది. ఎవరూ ఏదీ దేనికీ ముడిపెట్టరు. మూడు నెలలు గేటు దగ్గర కూర్చుంటే కూర్చున్నాడు, ఉద్యోగమైతే ఉంటుంది. ఆమె చెయ్యి కుళాయి మీదికి వెళ్లింది. తిప్పింది కూడా. నీళ్లు ధారగా పడ్డాయి, సీసా అంచు తడిసింది.

నువ్వు రాయిలా ఉన్నావు, చాలు.

రాయి! మెట్ల దగ్గర ఊపిరందని రాయి. ఆమెకి ఒక్కసారిగా తనమీద తనకే జాలేసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వెయ్యలేదు కాబోలు. చచ్చిపోవాలని లేదు. మిషను బెల్టు మార్పించాలని ఉంది. అత్తగారి పొట్లం ఒకరోజు పట్టుకుని ఏడిపించాలని ఉంది. ఆయన మళ్లీ పైకెక్కితే కిందనుంచి చెయ్యి ఊపాలని ఉంది.

కుళాయి కట్టేసింది. సీసా తుడిచింది. సరిగ్గా గీత వరకూ పట్టింది.

*

పట్టీ ముంచి తీయగానే పసుపు మీద ఆకుపచ్చ పాకడం మొదలైంది. నిమిషం పట్టలేదు.

"రెండు ప్లస్సులు," అంది నర్సమ్మ.

బయట క్రేన్ గంట మోగుతోంది.

"ప్రమాదమాండీ?" ఆకాశం అడిగాడు.

"కిడ్నీ అంటే జల్లెడ అనుకోండి. బీపీ వత్తిడికి దాని కంతలు వదులైతే, ఉండాల్సిన ప్రొటీను కారిపోతుంది. కారణం ఇంకోటైనా కావచ్చు, అన్ని పరీక్షలూ చేశాకే చెబుతారు. బీపీ వల్లే అయితే ఇది ఇంకా మొదట్లోనే ఉండి ఉండొచ్చు. ఇప్పుడు పట్టుకుంటే ఆపొచ్చు. ఇన్నాళ్లూ పట్టనట్టే ఇక ముందూ పట్టకపోతే ఆపలేం."

చెబుతూ చెబుతూ నర్సమ్మ ఆగింది. బల్లమీద ఆకుపచ్చ పట్టీ. పక్కన పాత కాగితం. ఆమె కళ్లు దీన్నుంచి దానికీ, దాన్నుంచి దీనికీ నడిచాయి. ఆ తరవాత టైలరమ్మ మొహం మీద నిలిచాయి.

ఆకాశం కూడా చూస్తున్నాడు. అంత ఎత్తునుంచి కింద నాలుగు మేకులు ఎక్కడున్నాయో పట్టుకునే కళ్లు అవి.

"ఆ రోజు," అన్నాడు మెల్లిగా, "సీసా గట్టు మీద కుడిమూల పెట్టాను. గడ్డం గీసుకొచ్చేసరికి ఎడమమూల ఉంది. అమ్మ జరిపిందేమో అనుకున్నా."

టైలరమ్మ తల ఎత్తలేదు.

"పది రోజులు," అన్నాడు. "పది రోజులూ నాకు పెట్టిన చప్పిడి కూర తింటూ, నా ఎదురుగా కూర్చున్నావు. నాకేదో అయిపోతుందని నేను రేకు పెట్టె సర్దుకుంటుంటే చూశావు."

"ఏమండీ..."

"మొన్న చెప్పులు బిగుతుగా ఉన్నాయన్నావు. నేను కొత్తవి కొనుక్కో అన్నాను." బల్లమీది సీసాని చదరం మధ్యలోకి జరిపాడు. కోపమో ఏడుపో ఆమెకి తెలియలేదు. అతనికి తెలిసినట్టూ లేదు.

నర్సమ్మ కలం తీసింది. "పన్నెండవుతోంది. డాక్టరుగారు మెట్లెక్కేలోపు ఈ కాగితం మీద నేనేదో ఒకటి రాయాలి. సీసాలు మారాయంటే పైవాళ్లు విచారణ వేస్తారు, పని ఉంటుందో ఊడుతుందో నా చేతిలో లేదు. మారలేదంటే మూడు నెలలు గేటు. నేను ఒక్కసారే అడుగుతాను. ఆ మొదటి సీసా ఎవరిది?"

"నాదేనండీ," అన్నాడు ఆకాశం వెంటనే.

"నాది," అంది టైలరమ్మ, అంతే వెంటనే.

ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. పది రోజుల తరవాత అదే మొదటిసారి.

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. ఒక మెట్టు, రెండో మెట్టు.

నర్సమ్మ కలానికి మూత పెట్టి, లేచి వెళ్లి, తలుపు గడియ వేసింది. "ఇంకోసారి అడుగుతాను, ఇద్దరూ ఒక్కటే చెప్పండి," అంది.